కుడి కాలి అంచు

రండి, వెనక క్యారియర్ మీద కూర్చోండి. కొంగో చున్నీయో ఉంటే ఒళ్లోకి లాక్కోండి, చక్రం ఊరుకోదు. టైము ఏడూ యాభై. రాత్రి కురిసిన వాన ఇంకా గుంతల్లోనే ఉంది. ఉప్పల్‌లో మా సందు దాటి మెయిన్ రోడ్డెక్కితే మెట్రో స్తంభాలు మొదలవుతాయి. వాటి వెంటే హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, ఆపైన సికింద్రాబాద్. మా గేటు నుంచి ఆఫీసు గేటుకి తొమ్మిది కిలోమీటర్లు.

ఒంటి మీదున్నవి ఆఫీసు బట్టలే. లేత నీలం ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూడిద రంగు ప్యాంటు. ఇస్త్రీ మడత ఇంకా నిలబడే ఉంది. ఈ జతతోనే సాయంత్రం దాకా కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడాలి. దారికో జత, పనికో జత పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మా ఆఫీసులో బట్టలు మార్చుకునే గది లేదు. మన పక్క నుంచి వెళ్తున్నవాళ్లను చూడండి: డ్యూటీ దిగి ఇంటికి పోతున్న వాచ్‌మన్, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకున్న మేస్త్రీ, యూనిఫాం మీదే బయల్దేరిన ఆస్పత్రి ఆయా. వాళ్లకి మాత్రం ఎక్కడుంటుంది? పనికెళ్లే బట్టల్లోనే ఎక్కి తొక్కగలిగేది సైకిల్. ఆ బట్టల్ని కాపాడే పూచీ సైకిల్‌కి కూడా ఉందని నా గట్టి నమ్మకం.

హబ్సిగూడ దగ్గర సిగ్నల్ పడింది. ఒక కాలు కింద ఆనించాను. ఈలోగా వంగి నా కుడి మడమ దగ్గర ప్యాంటు అంచు చూడండి. వేలితో తడమండి. గుడ్డ అక్కడక్కడ గట్టిగా తగులుతుంది, వరసగా చిన్న చిన్న కుట్లు. ఒక్కొక్క కుట్టుకీ మధ్య దూరం అరంగుళం. అది దర్జీ కొలత కాదు, చైను కొలత. సైకిల్ చైనులో లింకుకీ లింకుకీ మధ్య సరిగ్గా అరంగుళమే ఉంటుంది. ఎడమ అంచు చూడండి, కొత్తదానిలా ఉంది. చైను కుడివైపే ఉంటుంది కాబట్టి దెబ్బ ఎప్పుడూ కుడి కాలిదే.

ఇది ఈ సైకిల్ చేసిన పని కాదు. దీనికి ముందు నాకు గేర్ల సైకిల్ ఉండేది. తేలికైనది, వేగమైనది, చైను మీద మాత్రం రేకు ముక్కైనా లేదు. ఓ పొద్దున తార్నాక మలుపులో ప్యాంటు అంచు చైనుకీ చక్రం పళ్లకీ మధ్య పడింది. పెడలు కిందికి దిగదు, కాలు పక్కకి రాదు. వెనక బస్సు హారను. డివైడర్ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాను. అలాంటప్పుడు కాలు లాగేసుకోవాలనిపిస్తుంది, లాగితే గుడ్డ నిలువునా చినుగుతుంది. వెనక్కి తిప్పాలి. సైకిల్‌ని కొంచెం వాల్చి, చేత్తో పెడలుని వెనక్కి తిప్పుతుంటే ఒక్కో పన్నూ గుడ్డని వదిలింది. బయటికొచ్చిన అంచు నిండా గాట్లు, గాటు చుట్టూ కాటుక నలుపు.

ఆ నలుపు నూనెది కాదు. నూనె తేనెరంగులోనే ఉంటుంది. లింకులు ఒకదాన్నొకటి రాసుకుని రాలే ఇనుప పొడి, రోడ్డు దుమ్ము అందులో నాని అలా తయారవుతాయి. అందుకే నీళ్లతో ఎంత రుద్దినా పోదు. తడపకముందే గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, వేళ్లతో నలిపి, పావుగంట ఆగి ఉతకాలి. మరక ఉండగా ఇస్త్రీపెట్టె తగిలిందా, ఇక అది ఆ గుడ్డదే.

గ్రీన్ పడింది. పట్టుకోండి.

ఇప్పుడు తొక్కుతున్నది పాత నల్ల సైకిల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కింద చూడండి, చైను ఎక్కడా కనబడదు, మొత్తం రేకు డబ్బాలో ఉంది. ఈ నమూనా ఇంగ్లండులో పుట్టింది. అక్కడ సన్‌బీమ్ సైకిళ్లకైతే చైను మూసిన డబ్బాలో నూనెలో మునుగుతూ తిరిగేది. రెండు చక్రాలకీ నిండు మడ్‌గార్డులు. ఆడవాళ్ల సైకిల్‌కి ఎక్కి దిగడానికి వీలుగా పై రాడ్డు తీసేశారు, వెనక చక్రానికి బట్ట చిక్కకుండా వల కట్టారు. ఆ సైకిల్ గీసినవాడి కళ్ల ముందు సైకిల్ పందెం లేదు, బట్టలు వేసుకుని పనికిపోయే మనిషి ఉన్నాడు. 1951లో అట్లాస్, 1956లో హీరో మొదలైనప్పటి నుంచి మన ఊళ్లలో పోస్టుమాన్లూ, టీచర్లూ, పాలవాళ్లూ తొక్కింది ఈ వంశాన్నే. పంచె కట్టుకుని తొక్కినవాళ్లూ ఎందరో. కొత్త సైకిళ్లలో తేలిక కోసం తీసేసినవన్నీ బట్టల్ని కాపాడేవే. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

ముందు గుంత ఉంది, నీళ్లున్నాయి. భయపడకండి. చక్రం నీళ్లని లేపింది, మడ్‌గార్డు కింద చప్పుడు వినబడింది, అంతే. అదే గేర్ల సైకిల్‌ మీదైతే ఈపాటికి నా నడుము నుంచి మెడ దాకా బురద చార పడేది.

తార్నాక దాటాం. ఇక అసలు అరుగుదల సంగతి. మీ కళ్ల ముందే సీటు ఉంది, చూడండి. ముందు సన్నగా, వెనక వెడల్పుగా. ఆ సన్నటి ముక్కుకి రెండువైపులా నా తొడలు పైకీ కిందికీ వెళ్తున్నాయి. ఈ సైకిల్‌కి పెడళ్ల దగ్గరి చక్రం పళ్లు 44, వెనక ఫ్రీవీలువి 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిల్ అయిదు మీటర్లకి కాస్త పైన నడుస్తుంది. రానూపోనూ 18 కిలోమీటర్లు. తొక్కకుండా దొర్లిపోయే చోట్లు తీసేసినా రోజుకి 3,000 సార్లు గుడ్డ సీటుకి రాసుకుంటుంది. నెలకి 70,000 పైమాటే. ఏ గుడ్డ ఓర్చుకుంటుంది?

ఓర్పులో గుడ్డకీ గుడ్డకీ తేడా ఉంది. షాపుల్లో దొరికే ప్యాంటు గుడ్డల్లో ఎక్కువభాగం పాలిస్టర్‌లో విస్కోస్ కలిపి నేసినవి. చూడ్డానికి నునుపు, మడత బాగా నిలుస్తుంది. కానీ విస్కోస్ తడిస్తే దాని బలం సగం దాకా పడిపోతుంది. చెమటకి తడిసేది ఎక్కడ? సీటు మీదే. రాపిడి ఎక్కడుందో తడి కూడా అక్కడే. నూలు దీనికి పూర్తిగా వ్యతిరేకం, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. అందుకే దళసరి కాటన్ ప్యాంటు నాకు ఎక్కువ కాలం వచ్చింది, ఇస్త్రీ బాధ ఉన్నా సరే. పాలిస్టర్ కలిసిన గుడ్డ మీద ముందు చిన్న చిన్న ఉండలు లేస్తాయి. పాలిస్టర్ పోగు గట్టిది కాబట్టి ఉండ ఊడి రాలిపోదు, అక్కడే పట్టుకుని వేలాడుతుంది. తొడ లోపలివైపు చెయ్యి పెడితే గరుకుగా తగిలిందంటే అదే మొదటి కబురు.

ఇంకో మాట. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడలు అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడంతా ప్యాంటు మీదే. రెక్సిన్ పగిలి అంచు లేచిన సీటైతే ఆకురాయితో సమానం. నేను సీటు వేలెడు దించి, కొత్త కవరు వేయించాక తేడా తెలిసింది.

మెట్టుగూడలో బ్యాగు తగిలించుకున్న కుర్రాడొకడు మనల్ని దాటేశాడు. అతని చొక్కా చూడండి, పట్టీల కింద భుజాల మీద నూగు లేచిపోయింది, వీపు తడిసి ముద్దయింది. నా సంచి మీ పక్కనే క్యారియర్‌కి కట్టి ఉంది. చొక్కా బతికేది ఇలాంటి చిన్న పనులతోనే.

ఆఫీసు వచ్చింది. ఫ్యాన్ కింద పది నిమిషాలు నిలబడితే చెమట ఆరిపోతుంది. సాయంత్రం కలుద్దాం, జనరల్ బజార్ దాకా వెళ్లే పని ఉంది.

* * *

బజార్ వెనక సందులో రెండడుగుల అరుగు, ఒక బల్బు. రఫూ చేసే చాచా అద్దాలు ముక్కు మీదికి దించుకుని కూర్చున్నారు. పోయిన వారం ఇచ్చిన నా నల్ల ప్యాంటు ఆయన మోకాళ్ల మీదుంది. దగ్గరికి రండి, బల్బుకి అడ్డం రాకుండా.

తొడల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట గుడ్డ ఉబ్బెత్తుగా ఉంటుంది. సీటుకి ముందు తగిలేది అదే, ముందు పోయేదీ అదే. ఆ పక్కనే రూపాయి బిళ్లంత చోటు దోమతెరలా అయింది. చాచా ప్యాంటు కింద మడిచి కుట్టిన అంచు విప్పి, ఆ లోపలి గుడ్డలోంచి పోగులు లాగారు. ఎండ తగలని పోగులు, అయినా అదే గుడ్డవి. జుట్టంత సన్నటి సూదిలో ఒక పోగు ఎక్కించారు. ముడి వెయ్యరు. పల్చబడ్డ చోటుకి కాస్త ఇవతల మంచి గుడ్డలో మొదలుపెట్టి, పోగు పక్కన పోగు నిలువుగా పరిచారు. ఆ తర్వాత అడ్డం: రెండింటి మీదుగా, ఒకదాని కిందుగా, మళ్లీ రెండింటి మీదుగా. తరువాతి వరసలో ఒక పోగు పక్కకి జరిపి అదే లెక్క. మెల్లగా ఆ గుడ్డకుండే ఏటవాలు గీత మళ్లీ లేచి నిలబడింది. ఊపిరి బిగబట్టి చూశాను.

పొద్దున్నుంచి వేసుకున్న బూడిద ప్యాంటు గురించి కూడా అడిగాను. ఆయన నన్ను వెలుతురు వైపు తిరగమని, తొడ దగ్గర గుడ్డ గుంజి చూశారు.

"ఇది గూడ పల్చబడ్డది సాబ్. చినిగినంక తెస్తే నేనేం జేస్త? గిట్ల ఉన్నప్పుడే తేవాలె."

"లోపల గుడ్డ వేస్తే ఆగుతుందా చాచా?"

"ఆగుతది. పాప్లిన్ ముక్క వెయ్యి. మూలలు గుండ్రంగ కోయాలె, లేకుంటే మూల దగ్గరనే మల్ల చినుగుతది. ముక్క అంచు సీటు మీదికి రావద్దు, సీటు దాటి బయటికి పోవాలె. కొత్త ప్యాంటు కొన్ననాడే వేయించుకుంటే ఇంకా మంచిగ."

కొన్ననాడే! ఇన్నేళ్లుగా తొక్కుతూ నాకు తట్టలేదు. రేపే బూడిదది ఇస్తానని చెప్పాను. ఆయన సూది దగ్గర మిగిలిన పోగుని పళ్లతో కాకుండా చిన్న కత్తెరతో కత్తిరించి, ఆ చోటు మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, వీపు మీద తట్టినట్టు ప్యాంటుని ఒకసారి తట్టి ఇచ్చారు.

* * *

ఇంటికి చేరేసరికి చినుకులు. సైకిల్ వరండాలో ఎత్తి పెట్టాను. అమ్మ పోచంపల్లిలో మగ్గం పక్కన పెరిగింది, గుడ్డ ఏది ఇంటికొచ్చినా ముందు ఆమె చేతిలోకి వెళ్లాల్సిందే. నల్ల ప్యాంటు తిరగేసి ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంది.

"ఏడ జేసిండు?"

చెప్పలేదు. ఆమె అద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని బొటనవేలి గోరుతో కుట్టు వెంట మెల్లగా వచ్చింది. ఒకచోట గోరు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి అక్కడే ఆగింది.

"ఈడ. పడుగు మంచిగ పరిచిండు బిడ్డా. పేకనే జరంత బిగ్గ గుంజిండు."