ఇంటి గడప: ఒక చారిత్రక పరిశీలనము

జగదల్‌పురమునుండి పడమటికి వచ్చు బాట గీదమువద్ద రెండుగా చీలును. ఒకటి దంతేశ్వరీ దేవాలయముగల దంతెవాడకును, అచటినుండి బైలదిల్ల ఇనుపకొండలకును పోవును. రెండవది బీజాపురము, భూపాలపట్నముల మీదుగా తెలుగునాటి దిక్కునకు సాగును. ఈ బస్తరు సీమకును తెలుగువారికిని గల సంబంధము నిన్నమొన్నటిది గాదు. గీదమునకు చేరువనున్న బారసూరున శక సంవత్సరము 983, అనగా క్రీ.శ. 1060 నాటి తెలుగు శాసనమొకటి లభించినది. నాగవంశపు రాజు జగదేకభూషణుని సామంతుడగు చంద్రాదిత్యుడు అచట చెఱువు త్రవ్వించి, శివాలయము నెత్తించిన వైనము దానివలన తెలియుచున్నది. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశజుడగు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. 1960వ దశకమున కొత్తవలస–కిరండూలు రైలుమార్గము ఏర్పడిన పిమ్మట ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ పాత బాంధవ్యమునకు కొత్త కొనసాగింపు.

శాసనములు చెఱువులను, గుడులను, దానములను లిఖించినవి. ఇంటి గడప యెత్తెంత, నూతిగట్టునకు మెట్లెన్ని, పడకటింటినుండి పెరటికి దూరమెంత యను సంగతులు ఏ శాసనమునను కానరావు. కాలుసేతులు స్వాధీనమందున్నంతకాలము ఎవరికిని ఆ లెక్క అక్కఱలేదు. ఏటేట కీళ్లు బిగిసి, కండ క్షీణించి, నిన్న దాటిన గడపను నేడు దాటలేని స్థితి ప్రాప్తించినవానికి మాత్రము ఆ లెక్కయే జీవితము. ప్రమాదమున ఒక్కసారి కాలు పోయినవాడు తనకు మిగిలిన శక్తి ఎంతయో ఎఱిగి, దానికి తగినట్లు ఇంటిని సవరించుకొనగలడు. క్రమముగా క్షీణించువాని స్థితి వేఱు. నేడు చేసికొన్న సవరణ రెండేండ్లలో చాలనిదగును. కావున అట్టివాని ఇల్లు వ్యాధికన్న ఒక అడుగు ముందుండవలెను. తెలుగుసీమలయందును, వాని నంటియున్న ప్రాంతములందును ఈ సత్యము ఎట్లు, ఎంత ఆలస్యముగా తెలియవచ్చినదో చరిత్రవలన గ్రహింపవచ్చును.

పూర్వపు తెలుగింటి వాడుక యంతయు నేలను ఆశ్రయించియుండెను. వంట నేలమీది పొయ్యివద్ద, భోజనము పీటమీద, రుబ్బుట రోటివద్ద, స్నానము నూతివద్ద. కాలకృత్యములకు ఊరి వెలుపలికి పోయి గొంతుకూర్చుండవలసినదే. ద్వారబంధము పొట్టిది, గడప ఎత్తైనది. బస్తరు పల్లెలలోని మట్టియిండ్లకును చూరు దిగువగా నుండుటచే తలవంచి ప్రవేశింపవలసియుండును. ఇట్టి ఇంటిలో దినమునకు పలుమాఱులు మోకాలు పూర్తిగా మడవవలెను, నడుము వంచవలెను. ఆరోగ్యవంతునికి ఇది అలవాటు. కీలు బిగిసినవానికి ప్రతి పనియు ఒక పరీక్ష. ఉమ్మడి కుటుంబము ఆ లోటును మనుష్యుల చేతులతో పూడ్చెను. మనుమడు చేయిపట్టి నడిపించెను. కోడలు నీళ్లు తోడిపెట్టెను. అరుగుమీద మంచము వాల్చిరి. వడ్రంగి ఊతకఱ్ఱ చెక్కి యిచ్చెను. దూలమునకు కట్టిన త్రాడు లేచుటకు ఆసరా యయ్యెను. ఈ సేవ గొప్పదే. కాని ఇంటివారి చేతులు ఖాళీగా నున్నపుడే రోగి పని సాగెడిది. పొలముపనుల కాలమున అందఱు వెడలిపోయిన ఇంటిలో దాహమైనను ఎదురుచూచుటయే అతని వంతు.

రోగి నిత్యము తాకు వస్తువులను వైద్యదృష్టితో పరీక్షించుట దక్షిణాపథమున కుష్ఠరోగ చికిత్సాలయములందు స్పష్టముగా కనబడును. నిజాం రాష్ట్రమున డిచ్‌పల్లియందు ఇసబెల్ కెర్ దంపతులు 1915లో నెలకొల్పిన ఆస్పత్రిలో రోగులకు ఆశ్రయమును, ఆనాటికి లభ్యమైన తైలచికిత్సయును దొరకెను. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ మఱియొక ప్రశ్న వేసెను: రోగి వ్రేళ్లు ఏల పోవుచున్నవి? వ్యాధివలన అవి తమంతట రాలిపోవుచున్నవను నమ్మకము సరికాదనియు, స్పర్శజ్ఞానము నశించుటచే తెలియక కాల్చుకొనుట, కోసికొనుట, గట్టిగా అదుముట, ఆ గాయములను లక్ష్యపెట్టకుండుట ముఖ్యకారణములనియు ఆయన కనుగొనెను. రాత్రి నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొఱుకుచున్నను రోగికి మెలకువ రాకుండుట గ్రహించి, ఇండ్లకు పోవు రోగులకు పిల్లులనిచ్చి పంపిరి. ఆయన శస్త్రచికిత్సచే వంకరపోయిన వ్రేళ్లను సరిచేయుట ఎంత ప్రసిద్ధమో, ఈ పిల్లి సంగతియు అంత స్మరణీయము. చేతిని కాపాడవలెనన్న చేయి మసలు ఇంటిని ఎఱుగవలెనని అది నేర్పినది. వేడి పాత్రలకు కొయ్యపిడి, పొడవైన గరిటె, చెప్పుల అడుగున మెత్తని రబ్బరు, నిద్రకు ముందు కాలుసేతులను చూచుకొను అలవాటు మొదలగునవి కుష్ఠరోగుల స్వీయరక్షణలో భాగములైనవి. ఇవన్నియు నష్టము జరుగుటకు ముందు చేయు సవరణలు.

కుష్ఠరోగమునకు బహుళౌషధ చికిత్స 1980వ దశకమున వ్యాప్తిలోనికి వచ్చినది. అయినను గృహమున చోటు దొరకుట ఔషధముతో ముగియు విషయము గాదు. కుష్ఠరోగము విడాకులకు కారణముగా నుండుటను మన పార్లమెంటు 2019లోగాని తొలగింపలేదు. ఇంటిలో చోటు లేనివానికి ఇంటిని సవరించు ప్రశ్నయే పుట్టదు గదా!

తెలుగునాట ఇంతకన్న విస్తృతముగా గృహజీవితమును కుంగదీసినది ఫ్లోరోసిస్ వ్యాధి. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ప్రజలలో ఈ వ్యాధి కలదని 1937లో షార్ట్ మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా స్థితిని 1955లో సిద్దీకి ఒక బ్రిటిషు వైద్యపత్రికలో వివరించెను. త్రాగునీటిలోని ఫ్లోరైడు ఏండ్లతరబడి ఎముకలలో చేరును, సంధిబంధములు గట్టిపడును, వెన్ను కఱ్ఱవలె బిగియును. మెడ త్రిప్పలేక మనిషి మొత్తము దేహమును త్రిప్పవలసివచ్చును. తుదకు వెన్నుపాము ఒత్తిడికి లోనై కాళ్లు చచ్చుపడుటయు కలదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రాంతములందలి యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవుటను వర్ణించిరి.

ఈ వ్యాధిలోని విషాదమేమనగా, ఇల్లు నిలుచుటకు ఆధారమైన నూతినీరే ఇంటివారిని కూలద్రోయుట. కావున ఇచట మొదటి గృహసంస్కారము కడవలోనే జరుగవలసివచ్చెను. నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చు పద్ధతిని రూపొందించినది. అది 'నల్లగొండ పద్ధతి' యను పేరుతో ప్రపంచమున ప్రసిద్ధి కెక్కెను. ఇంటియందు బక్కెటతోను ఆచరింపదగిన పద్ధతియే యైనను, దినదినము పాళ్లు తప్పక కలుపు శ్రమ గృహిణిపై పడెను. నదీజలములను గొట్టములద్వారా ఇండ్లకు చేర్చుటయే మేలైన ఉపాయమని క్రమముగా తేలినది. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ దారిలోనిదే.

అయినను మంచినీరు కొత్తతరమును కాపాడగలదుగాని, బిగిసిన వెన్నును వెనుకకు మరల్చలేదు. నలుబదియేండ్లు దోషజలము త్రాగినవాని ఇంటికి కృష్ణానీరు వచ్చినపిమ్మటను ఎత్తైన మంచము కావలెను, కూర్చుండుటకు ఎత్తుపీట కావలెను, గోడకు పట్టుకమ్మి కావలెను. లోకము వ్యాధి తొలగినదని సంతోషించు సమయముననే రోగి గడపవద్ద నిలిచిపోవుట ఈ చరిత్రలోని కఠోరసత్యము.

గీదము ప్రాంతమునకు వచ్చినచో బస్తరు గిరిజన కుటుంబములను పట్టియున్న వ్యాధులలో ముఖ్యమైనది సికిల్ సెల్ వ్యాధి. తలిదండ్రులనుండి సంక్రమించు ఈ వ్యాధిలో రక్తకణములు కొడవలి రూపము దాల్చి సన్నని నాళములలో ఇరుకుకొనును. దీనిని 1910లో అమెరికాలో హెర్రిక్ తొలుత వర్ణించెను. భారతదేశమున నీలగిరి గిరిజనులలో 1952లో లేమన్, కట్‌బుష్ అనువారు గుర్తించిరి. రక్తప్రసారము ఆగినచోట ఎముక నశించును. కొందఱికి తుంటియెముక తల శిథిలమై పడుచుదనముననే నడక కుంటువడును. బరువులు మోయుట, చలినీట తడియుట, దాహము నోర్చుకొనుట బాధను రేపును. మహువా పూలేరుట, కట్టెలు మోయుట, వాగునుండి నీరు తెచ్చుట నిత్యకృత్యములైన పల్లెజీవితమున ఇవి తప్పించుకొనుట సులభము గాదు. కావున త్రాగునీరు వాకిట నుండుట, చలికి దుప్పటి యుండుట, కూర్చుండి చేయదగిన పనిని ఇంటివారు ముందుగానే కేటాయించుట ఇచట ఔషధముతో సమానములు. 2023 జూలై 1న మధ్యప్రదేశమునందలి షహడోలున సికిల్ సెల్ నిర్మూలనమునకు జాతీయోద్యమము ప్రారంభమైనది. పరీక్షవలన చిన్ననాడే వ్యాధి తెలియుటచే ఇంటికి ముందుగా సిద్ధపడు వ్యవధి లభించుచున్నది. ఆ వ్యవధిని వృథాచేయరాదు.

విదేశములలో గృహనిర్మాణమున ఈ దృష్టి 1960వ దశకమున బలపడెను. 1961లో అమెరికాలో వికలాంగులకు అనువైన కట్టడముల ప్రమాణములు వెలువడినవి. ఇంగ్లండున తానును పోలియోవలన వికలాంగుడైన వాస్తుశిల్పి సెల్విన్ గోల్డ్‌స్మిత్ 1963లో ఈ విషయముపై గ్రంథము రచించెను. భారతీయ ప్రతిభ వేఱొక మార్గమును త్రొక్కెను. 1968లో శిల్పి రామచంద్రశర్మయు, డాక్టరు పి.కె. సేఠీయు రూపొందించిన జైపూరు పాదము గొంతుకూర్చుండుటకును, బాసిపట్టు వేయుటకును, పొలమున వట్టికాళ్లతో నడచుటకును అనువైనది. పాశ్చాత్యులు ఇంటిని దేహమునకు సరిపఱచిరి; జైపూరువారు సాధనమును ఇంటికి సరిపఱచిరి. ఏటేట బలము తగ్గువానికి ఈ రెండు మార్గములును కావలెను.

మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించెను. 2016 నాటి చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. కండరక్షీణత, సికిల్ సెల్ వ్యాధి, కుష్ఠరోగము నయమైనవారి వైకల్యము ఈ పట్టికలో చేరియున్నవి. ప్రభుత్వోద్యోగుల కుటుంబములు తప్పక తెలిసికొనదగిన నిబంధన యొకటి ఈ రెండు చట్టములందును కలదు. ఉద్యోగకాలమున వైకల్యము పొందినవానిని ఆ కారణమున ప్రభుత్వ కార్యాలయము తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పూర్వపు పనికి తగనివాడైనచో అదే జీతముపై వేఱుపని యీయవలెను. అదియు లేనిచో తగిన స్థానము దొరకువఱకు, లేదా పదవీవిరమణము వఱకు అదనపు స్థానమున నిలుపవలెను. ఈ నిబంధన నెఱుగక, నడక తగ్గినంతనే భయపడి ముందుగానే రాజీనామా నిచ్చుట తొందరపాటు. ఇంటి సవరణకు ధనము కావలసిన సమయముననే జీతము పోగొట్టుకొనుట ఆ కుటుంబమునకు రెండవ వ్యాధి యగును.

కేంద్ర ప్రజాపనుల శాఖ 1998లో ప్రకటించిన సూత్రములు ఇంటికిని పనికివచ్చును. ఎత్తునకు పన్నెండింతల పొడవుగల వాలుబాట ఉండవలెను; అనగా అరయడుగు మెట్టునకు ఆరడుగుల వాలు. చక్రముల కుర్చీ పోవుటకు వాకిలి 90 సెంటీమీటర్ల వెడల్పుండవలెను. అయినను కొలతలకన్న క్రమము ముఖ్యము. కఱ్ఱతో నడచునపుడే గడపలు తీయించవలెను. గోడ పట్టుకొని నడచునపుడే స్నానపుగదిలో కమ్ములు బిగింపవలెను. మెట్లెక్కుట కష్టమైన మొదటి యేటనే పడకను క్రిందియంతస్తునకు మార్చవలెను. పడిన పిమ్మట చేయు సవరణకు ఖర్చు అధికము, ఫలము స్వల్పము. ఏ పని యెవరు చేయుదురో నిర్ణయించునపుడు రోగిమాట మొదట వినవలెను. కూర తరుగుట, పిల్లలకు పాఠము చెప్పుట, ఇంటి లెక్క వ్రాయుట వంటి పనులను జాలిచే అతని చేతినుండి లాగుకొనుట సేవ యనిపించుకొనదు.

గీదమువద్ద జావంగ గ్రామమున వెలసిన విద్యానగరమునందు వికలాంగ బాలబాలికలకై 'సక్షమ్' అను ఆవాస పాఠశాలలు నడుచుచున్నవి. పేరునకు 'సమర్థుడు' అని యర్థము. ఒకప్పుడు అడవిపల్లెలో అరుగుమీదనే బాల్యము గడుపవలసిన పిల్లలకు బడియు, వసతియు ఒక్కచోట లభించుట చిన్న మార్పు గాదు. కాని బడి కొన్నియేండ్లది; ఇల్లు జీవితాంతమునది. చదువు ముగించి ఊరు చేరిన యువకునికి పాత గడపయే అడ్డునిలిచినచో ఆ చదువుయొక్క ఫలము సగము వాకిటనే ఆగిపోవును.

వేయేండ్లనాడు బారసూరున చెఱువు త్రవ్వించిన సామంతుని పేరు శాసనముపై నిలిచినది. ఇంటిలోని బలహీనుని కొఱకు గడప తీయించినవాని పేరు ఏ రాతిపైనను చెక్కబడదు. ఆ వాకిట ఒక మనిషి ఎవరి చేయియు పట్టక వెలుపలికి వచ్చి ఎండలో కూర్చుండుటయే దానికి శాసనము.