ఏ తారీఖుకి రీస్టోర్ చెయ్యాలి?

పాత మిలటరీ మోటర్‌సైకిల్ ఒకటి ఇంట్లో పెట్టుకుని బాగుచేస్తున్నానని చెప్తే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మైలేజెంత?" రెండోది "అమ్మితే ఎంతొస్తుంది?" ఈ రెంటికీ ఏదో ఒక జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. నన్ను ఏడాదిన్నరగా తిప్పలు పెట్టింది మాత్రం ఎవరూ అడగని మూడో ప్రశ్న. రీస్టోర్ చెయ్యడమంటే బండిని అసలు ఏ తారీఖుకి తీసుకెళ్ళాలి?

మన సాఫ్ట్‌వేర్లో ఈ గొడవ లేదు. బ్యాకప్‌కి తేదీ ఉంటుంది, టైముంటుంది, కావాల్సింది ఎంచుకుని మీట నొక్కడమే. బండికి అలాంటి తేదీ ఏది? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజా? యుద్ధానికెళ్ళిన రోజా? మనవాళ్ళ చేతికొచ్చిన రోజా? ఏదో ఒకటి అనుకుంటే పోలా అనుకున్నా మొదట్లో. కానీ ఒక్కో నట్టూ విప్పుతుంటే అది అంత తేలిక కాదని అర్థమైంది. అదేంటో చెప్తాను.

బండి పేరు బీఎస్‌ఏ ఎం20. తణుకు దగ్గర మా పెదనాన్నగారి పశువులపాకలో పాతికేళ్ళు పడుంది, ఇప్పుడు హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంది. బీఎస్‌ఏ అనగానే మన తరానికి గుర్తొచ్చేది ఎస్‌ఎల్‌ఆర్ సైకిలే. పూర్తి పేరేమో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే తుపాకుల కంపెనీ అన్నమాట. 1861లో ఆ ఊరి తుపాకుల పనివాళ్ళంతా కలిసి పెట్టుకున్నారు. చేత్తో ఒక్కో తుపాకీ చెక్కే పద్ధతి మానేసి, ఒకదాని భాగం ఇంకోదానికి అతికేలా యంత్రాల మీద చెయ్యాలన్నది వాళ్ళ ఉద్దేశం. కంపెనీ ముద్ర కూడా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులే.

ఎం20 మార్కెట్లోకొచ్చింది 1937 మోడల్‌గా. 496 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్, 13 హార్స్‌పవర్, బరువు దాదాపు 170 కిలోలు. వెనక సస్పెన్షన్ లేదు, ముందు గర్డర్ ఫోర్కులు. బ్రిటిష్ సైన్యం మొదటి పరీక్షలోనే ఇంజన్ త్వరగా అరిగిపోతోందని తిప్పికొట్టింది కూడా. తర్వాత మార్పులు చేసి మళ్ళీ పంపితే ఒప్పుకున్నారు. అలా తిప్పికొట్టిన బండినే యుద్ధం అయ్యేలోగా సుమారు 1,26,000 తయారు చేయించుకున్నారు! మధ్యలో 1940 నవంబరులో జర్మన్లు బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్ ఫ్యాక్టరీ మీద బాంబులేస్తే 53 మంది కార్మికులు చచ్చిపోయారు. అయినా పని ఆగలేదు.

స్పీడులో, సోకులో దీనికంటే మంచి బళ్ళు అప్పుడే ఉన్నాయి. దీని గొప్పంతా మొండితనంలో ఉంది. కంప్రెషన్ 4.9 మాత్రమే కాబట్టి యుద్ధకాలపు నాసిరకం పెట్రోలు పోసినా నడుస్తుంది. మాగ్నెటో ఉంది కాబట్టి బ్యాటరీ చచ్చినా స్టార్టవుతుంది.

ఆ మాగ్నెటో విప్పినప్పుడు ఒక తమాషా తెలిసింది. పాత లూకాస్ మాగ్నెటోల జబ్బు అందరికీ తెలిసిందే... లోపల ఆర్మేచర్ చుట్టకి పట్టించిన షెల్లాక్ ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడి, వేడికి జిగురై కారిపోతుంది. షెల్లాక్ అంటే మన లక్కే. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్ళింది మన ఛోటానాగ్‌పూర్ అడవుల నించి. అంటే ఇక్కడి చెట్ల మీద పురుగులు పెట్టిన లక్క బర్మింగ్‌హామ్ వెళ్ళి, మాగ్నెటోలో కూర్చుని తిరిగి మన దేశానికొచ్చిందన్నమాట. దాన్ని గీకి పారేసి మళ్ళీ చుట్టించక తప్పలేదు. గీకుతున్నంతసేపూ ఆ ప్రయాణమే బుర్రలో తిరిగింది.

తర్వాత నట్ల సంగతి. మన దగ్గరుండే మెట్రిక్ స్పానర్లతో ఈ బండి ముట్టుకుంటే నట్ల మూలలు పోతాయి. పావు అంగుళం విట్‌వర్త్ నట్టు తల వెడల్పు 13.3 మిల్లీమీటర్లుంటుంది. అంటే 13 ఎక్కదు, 14 లూజు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో పెట్టిన ప్రమాణం అది, మరలకి 55 డిగ్రీల కోణం. అదొక్కటే అయినా బావుండేది. దాంతోపాటు బీఎస్‌ఎఫ్, అంగుళానికి 26 చుట్లుండే సైకిల్ త్రెడ్డు కూడా ఒకే బండిలో ఉంటాయి. సైకిల్ త్రెడ్డు కోణం మళ్ళీ 60 డిగ్రీలు. మూడు ప్రోటోకాల్స్ ఒకే బాక్సులో! యుద్ధంలో ఇది మరీ ముదిరింది. అమెరికా బోల్టు బ్రిటన్ నట్టుకి పట్టదు, పక్కపక్కనే పోరాడుతున్న సైన్యాలు ఒకరి విడిభాగాలు ఇంకొకరు వాడుకోలేవు. ఆ చేదు అనుభవంతోనే 1948లో అమెరికా, బ్రిటన్, కెనడాలు కలిసి యూనిఫైడ్ త్రెడ్ మీద సంతకాలు చేశాయి. స్టాండర్డ్స్ కమిటీలంటే మనం జోకులేసుకుంటాం గానీ, వాటి వెనక ఇలాంటి కథలుంటాయి.

ఇక అసలు విషయానికొస్తాను. ఫుట్‌రెస్టులు.

మా బండి హ్యాండిల్‌కి ఎవరో బుల్లెట్ గ్రిప్పులు తొడిగారు. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు మాత్రం వట్టి ఉక్కువి. రబ్బరు ఊడిపోయిందేమో అనుకుంటాం చూడగానే. కాదు, వాటికి రబ్బరు తొడిగే ఏర్పాటే లేదు. 1942 తర్వాత తయారైన మిలటరీ బళ్ళకి ఫుట్‌రెస్టులు ఉక్కువి, గ్రిప్పులు కాన్వాసు గుడ్డవి. ఎందుకంటే 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలో దిగింది, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మలయా, డచ్ ఈస్టిండీస్ పోయేసరికి ప్రపంచంలో పండే సహజ రబ్బరులో సింహభాగం జపాన్ చేతికెళ్ళిపోయింది. మిగిలిన కాస్త రబ్బరూ టైర్లకే. కాళ్ళకింద మెత్తదనం అక్కర్లేదన్నారు.

ఆ రబ్బరు గీసిందెవరు? మలయా ఎస్టేట్లలో ఎక్కువమంది తమిళులు. వాళ్ళతోపాటు మన ఉత్తరాంధ్ర నించి, గోదావరి జిల్లాల నించి కూలికెళ్ళిన తెలుగువాళ్ళు కూడా. జపాన్ వాళ్ళొచ్చాక ఆ ఎస్టేటు కూలీలని వేలకి వేలు పట్టుకెళ్ళి సయాం-బర్మా రైలుమార్గం పనిలో పడేశారు. 415 కిలోమీటర్లు, ఏడాదిలో పూర్తి చేశారు. యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా పోయారు. వాళ్ళ మీద పుస్తకాలొచ్చాయి, సినిమా వచ్చింది, వరస వరసల సమాధులున్నాయి. ఆసియా కూలీలు 90,000 మంది దాకా పోయారని అంచనా. అందులో తమిళులు, తెలుగువాళ్ళు, బర్మీయులు, జావా వాళ్ళు... చాలామందికి పేరు రాసిన రాయి కూడా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ సంగతి మనలో కొందరైనా విన్నాం. ఈ రెండో సంగతి మన పాఠాల్లో ఎక్కడా కనపడదు.

నేను ఆన్‌లైన్లో వెతికినప్పుడు ఇదే బండికి రబ్బరు ఫుట్‌రెస్టులు దొరికాయి, 'ఒరిజినల్ ప్యాటర్న్' అట. వేసుకుంటే కాళ్ళకి సుఖం, చూడ్డానికి నిండుదనం. కానీ ఆ ఉక్కు ముక్క తీసేస్తే మలయా పతనం గురించి మా బండి చెప్పే ఒకే ఒక్క మాట పోతుంది. అందుకే వద్దనుకున్నాను.

ఇప్పుడు రంగు. వాటర్ పేపర్ తడిపి రూపాయి బిళ్ళంత మేర నెమ్మదిగా రుద్దితే, చెట్టు మొదల్లో వలయాల్లాగా పొరలు బయటపడతాయి. ఫ్రేము మీద పైనించి కిందకి: నలుపు, మెరూన్, ఆలివ్ పచ్చ, గోధుమ రంగు, అన్నిటికంటే అడుగున ఖాకీ పచ్చ. ఇవి ఎవరి సరదా కోసం వేసిన రంగులూ కావు. యుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యపు రంగు ఖాకీ గ్రీన్. పచ్చ రంగుకి కావాల్సిన క్రోమియం ఆక్సైడ్ కరువవడంతో ఎస్‌సీసీ 2 అనే గోధుమ రంగుకి మారారు. 1944లో అమెరికన్ల బళ్ళతో కలిసేలా ఎస్‌సీసీ 15 అనే ఆలివ్ పచ్చకి మారారు. యుద్ధం మొత్తం ఒక మిల్లీమీటర్ కూడా లేని మందంలో ఉందన్నమాట.

చిక్కేంటంటే, ట్యాంకు మీద అడుగు పొర పచ్చ కాదు, గోధుమ. అంటే ట్యాంకు ఇంకో బండిది. ఫ్రేమేమో యుద్ధం మొదట్లోది, ఫుట్‌రెస్టులు 1942 తర్వాతవి. మరి మా బండి పుట్టిన తేదీ ఏది?

దీనికి జవాబు మా కాలనీలో ఉండే రిటైర్డ్ హవల్దారు గారు చెప్పారు. ఆయన ఈఎంఈలో చేశారు. సైన్యంలో బళ్ళూ యంత్రాలూ బాగుచేసే ఆ కోర్ మన దగ్గర మొదలైంది 1943లో, దాని ట్రైనింగ్ సెంటరూ, మిలటరీ కాలేజీ ఉన్నది మన సికింద్రాబాదులోనే. "సైన్యంలో నా బండి, నీ బండి అని ఉండదు బాబూ. పొద్దున్నే ఎన్ని రన్నింగ్‌లో ఉన్నాయన్నదే లెక్క" అన్నారాయన. పాడైన ఇంజన్ దించుతారు, షెల్ఫ్ మీద సిద్ధంగా ఉన్న ఇంజన్ ఎక్కిస్తారు. దించిన ఇంజన్ బాగుచేసి షెల్ఫ్ మీద పెడతారు, అది ఇంకో ఫ్రేముకెళ్తుంది. ట్యాంకూ అంతే, ఫోర్కులూ అంతే. మన భాషలో చెప్పాలంటే సర్వర్ పోతే ఇంకోటి పెట్టి సర్వీస్ నడిపించడం. 1861లో తుపాకుల వాళ్ళు కన్న కల పూర్తిగా నిజమైంది ఇక్కడే. కాబట్టి మిలటరీ బండికి 'ఒరిజినల్' అనే స్థితి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాసేపు ఉండి ఉంటుంది, అంతే. మారుతూ ఉండడమే దాని ఒరిజినల్.

యుద్ధం అయిపోయాక డిస్పోజల్స్ అమ్మకాల్లో ఇలాంటి బళ్ళు బోలెడు జనంలోకొచ్చాయి. విదేశీ విడిభాగాలు దొరకని రోజుల్లో వాటిని బతికించింది మన లేత్ మెషీన్ల వాళ్ళు. మా బండి గర్డర్ ఫోర్కులో ఒక ఇత్తడి బుష్ దొరికింది. చేత్తో తిప్పిందే, పక్కన పంచ్‌తో 1963 అని కొట్టారు. తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో ఎవరో మిస్త్రీ పెట్టిన కమిట్ అది, తేదీతో సహా!

ఇంత చెప్పడానికి కారణముంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి, ఒరిజినల్ రూపంలో ఉండాలి, చాసిస్‌కి గానీ బాడీకి గానీ ఇంజన్‌కి గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబర్లో 'వీఏ' అన్న అక్షరాలు. ఉద్దేశం మంచిదే, కొత్త ఇంజన్‌కి పాత రేకు తొడిగి వింటేజ్ అని అమ్మేవాళ్ళకి అడ్డుకట్ట ఉండాల్సిందే. కానీ ఆ మాటని అక్షరాలా తీసుకుంటే 1943లో ఆర్మీ వర్క్‌షాప్‌లో ఇంజన్ మారిన బండి ఓడిపోతుంది. నిన్నగాక మొన్న ఇసుకతో బ్లాస్ట్ చేయించి, పౌడర్ కోటింగ్ కొట్టించి, ఆన్‌లైన్లో దొరికిన కొత్త బ్యాడ్జీలు అతికించిన బండేమో చూసేవాడి కంటికి 'ఒరిజినల్'గా కనపడుతుంది. మార్పు జరిగిందా అని కాదు, ఎప్పుడు, ఎందుకు జరిగింది అని అడగాలి. బండి వాడుకలో ఉన్నప్పుడు, దాన్ని నడిపించడానికి జరిగిన మార్పు దాని చరిత్ర. అమ్మకం కోసం, మెరుపు కోసం ఆ గుర్తుల్ని చెరిపేస్తే అది చరిత్రని స్క్వాష్ చెయ్యడమే. అంతగా మెరిసే బీఎస్‌ఏ కావాలంటే అదీ ఉంది. బర్మింగ్‌హామ్ కంపెనీ 1973కల్లా మూతపడ్డా, ఆ పేరుని 2016లో మహీంద్రా వాళ్ళ క్లాసిక్ లెజెండ్స్ కొనుక్కుంది. 2024 ఆగస్టులో కొత్త గోల్డ్ స్టార్ మన దేశంలోకీ వచ్చింది. శుభ్రంగా ఈఎంఐలో కొనుక్కోవచ్చు :)

నేను పెట్టుకున్న రూలు ఇది. ప్రాణానికి సంబంధించినవన్నీ కొత్తవి: టైర్లు, ట్యూబులు, బ్రేక్ లైనింగులు, చువ్వలు, చైను, వైరింగు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, ఇథనాల్ పాత రబ్బరుని, కార్కుని తినేస్తుంది కాబట్టి పెట్రోలు పైపులూ, ట్యాపు సీళ్ళూ కూడా కొత్తవే. అరిగిపోయిన 1963 బుష్ తీసేశాను, కానీ అది చీటీ కట్టి డబ్బాలో భద్రంగా ఉంది. ఏది ఎప్పుడు ఎందుకు మార్చానో ఎక్సెల్ షీట్లో వరసగా ఉంది. రంగు మాత్రం ముట్టుకోలేదు, తుప్పు ఆపి పైన మైనం పట్టించానంతే. మచ్చలమచ్చలుగా ఉన్న ట్యాంకు చూసి "ఇంతోటి దానికి ఏడాదిన్నర ఎందుకురా, రంగు కూడా వెయ్యలేదు!" అంది అమ్మ. మెరూన్ పొర దగ్గర మాత్రం ఆగి, పెదనాన్న పెళ్ళికి వేయించిన రంగు అదేనంది. ఆ సంగతి నాకప్పటిదాకా తెలీదు. షీట్లో ఇంకో వరస చేర్చాను.

మీ ఊళ్ళో కూడా ఏ పాకలోనో ఇలాంటిది పడుంటే, బ్లాస్టింగ్‌కి పంపేముందు ఒక్క ఆదివారం దానికివ్వండి. నంబర్లన్నీ రాసుకోండి, ప్రతి వెల్డింగునీ ఫోటో తీయండి, మూలగా ఒకచోట రూపాయి బిళ్ళంత రుద్ది చూడండి. దాన్ని నడిపినవాళ్ళు ఇంకా ఉంటే వెళ్ళి అడగండి. పెయింట్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు.