పండ్ల గిన్నెలో కడపసీమ

కడప ఎండ ఎట్టిదో శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. మూడు దిక్కుల కొండలు, కాళ్ల క్రింద కాగిన నాపరాళ్లు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునన్న సామెత అక్కడనే పుట్టినదేమో యని మాకొక అనుమానము. ఆ వేళ ఇంటికి వచ్చిన చుట్టమునకు చల్లని పండ్ల ముక్కలు గిన్నెతో అందించినచో కాఫీ మాట ఎత్తడు.

దీనిని నేడు ఫ్రూట్ సలాడ్ అనుచున్నాము. పేరు ఇంగ్లీషువారిది గనుక పదార్థమును వారే తెచ్చిరని పలువురి నమ్మకము. మేమంత దూరము పోజాలము. పంచామృతములో అరటిపండు తేనెతోను, పాలు పెరుగులతోను కలియుట ఏనాటిదో. ఉగాది పచ్చడిలో మామిడి, అరటి, చెరకు ముక్కలు కూడుట ప్రతి ఇంట నెరిగినదే. విచారించి చూడగా ఇంగ్లీషువారు చేర్చినది పైన పోసెడు కస్టర్డు. గ్రుడ్లు లేని ఆ పొడిని 1837లో బర్మింగ్‌హాములో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను మందుల వర్తకుడు, గ్రుడ్లు పడని తన భార్యకొరకు కల్పించెను.

అయితే పండ్లన్నియు మనవేనా? 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి అంగళ్లలో ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, పనస, మామిడి చౌకగా దొరకుచున్నట్లు వ్రాసెను. కడపసీమ అప్పుడు ఆ రాయల ఏలుబడిలోనిదే. ఆ పట్టికలో బొప్పాయి లేదు, జామ లేదు. ఈ రెండును అమెరికా ఖండపు చెట్లు. స్పెయిను, పోర్చుగీసు ఓడల వెంట తూర్పునకు చేరినవి. 1596లో అచ్చయిన లిన్‌షాటెన్ అను డచ్చివాని గ్రంథములో బొప్పాయి ప్రస్తావన కలదు. కాబట్టి కృష్ణదేవరాయలు దాని రుచి ఎరిగియుండడనియే మా ఊహ. కోస్తావారు బత్తాయి యనుదానిని కడపవారు చీనీ యందురు. ఆ పేరే చీనాదేశమును చూపుచున్నది. కర్బూజ పారసీక పదము. పుచ్చకాయ పుట్టినిల్లు ఆఫ్రికా.

మద్రాసునుండి కడప మీదుగా సాగిన ఇనుపదారి 1871లో రాయచూరువద్ద బొంబాయి దారితో కలిసెను. పూర్వపు కడప జిల్లాలోని కోడూరు ఆ దారిమీదిదే. మామిడి, అరటి, బొప్పాయి తోటలకు పేరుపడిన ఆ ఊరు తుదకు రైల్వే కోడూరుగనే నిలిచినది.

ఇది తోట గలవాని సంగతి. బావి లేని పేదరైతుకు ఏటి ఇసుకయే తోట. పెన్న ఒడ్డుననున్న సిద్ధవటము దోసపండ్లకు పూర్వమునుండి ప్రసిద్ధి. వరద తీసిన పిదప ఇసుకలో గుంటలు త్రవ్వి, ఎరువు వేసి విత్తనములు నాటుదురు. అడుగున నిలిచిన తేమయే తీగకు నీరు. ఇసుకను ఎత్తి తరలించిన చోట ఆ తేమ నిలువదు, తీగ ప్రాకదు. ఇసుక అమ్మినవానికి ఒకనాటి ధర దక్కును. ఏటేటి పంట పోవునది వేరొకనికి.

ఇక చేయు విధము. మామిడి, బొప్పాయి, కర్బూజలను అంగుళపు ముక్కలుగ కోసి, కొద్దిగ చక్కెర చల్లి అరగంట ఉంచవలెను. చక్కెర పండ్లలోని నీటిని వెలికి లాగును, వేరే పాకమక్కరలేదు. పిదప చీనీరసము పోయవలెను. అరటిపండును వడ్డించుటకు ముందుగ కోసి నిమ్మరసము పిండినచో నల్లబడదు. పాలు, కస్టర్డు మేము కోరము. బొప్పాయితో పాలు కలిసి నిలువయున్నచో చేదెక్కును.

అమెరికానుండి ఓడలలో వచ్చు మంచుగడ్డల కొరకు మద్రాసులో 1842లో ఐస్ హౌసు కట్టిరి. కడపవారికి మట్టికుండయే ఐస్ హౌసు. కుండపై చెమ్మ ఆవిరి యగుచు లోని వేడిని తీసికొనిపోవును. గాలి ఎంత పొడిగ నున్న ఈ పని అంత చురుకుగ సాగును. ఉక్కపోసెడు సముద్రతీరమున కుండ కింత ప్రతాపము లేదు. పండ్ల గిన్నెను కుండలో దించి, మూతి మీద తడిగుడ్డ కప్పి, గాలి తగులు నీడలో రెండు గడియలు ఉంచినచో చాలును.