కొల్లేటి ఐదో కాంటూరు: దుర్బిణి గీసిన హద్దు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరచుకున్న కొల్లేరుకు స్వతహాగా గట్టంటూ లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసిన నీటితో వానాకాలంలో ఉబ్బి, ఆ నీరు ఉప్పుటేరు మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిశాక ముడుచుకుపోయే సరస్సు కనుక, దాని హద్దును ఒడ్డును బట్టి కాక ఎత్తును బట్టి చెప్పడం ఆనవాయితీ అయింది. సగటు సముద్రమట్టానికి ఇన్ని అడుగుల పైన అని లెక్కగట్టి, ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీతను కాంటూరు అంటారు. మూడో కాంటూరు, అంటే మూడడుగుల గీత, వరకు సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు వరకు 308, పదో కాంటూరు వరకు 901 అని లెక్క. అయిదుకూ పదికీ నడుమ 593 చదరపు కిలోమీటర్లు ఇమిడి ఉన్నాయంటే, సగటున ఒక్కో అంగుళం ఎత్తుకు సుమారు 2,400 ఎకరాల నేల పడుతుంది. కొండసీమలో అంగుళం తేడాను ఎవరూ లెక్కచేయరు. కొల్లేట్లో మాత్రం ఎన్నో కుటుంబాల బతుకుతెరువు ఆ అంగుళం మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ సరస్సు హద్దుల చరిత్ర చెప్పేటప్పుడు, ఆ హద్దును చూసిన దుర్బిణి ఎంత సరిగా కుదిరిందన్న సంగతిని పక్కన పెట్టడం కుదరదు.

దుర్బిణి లోపల అడ్డంగా, నిలువుగా కనిపించే సన్నని గీతలే గురికి ఆధారం. ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్ 1640 సమీపంలో తన దుర్బిణిలో సాలీడు అల్లిన దారం స్పష్టంగా కనిపించడం గమనించి, కటకాల నాభి దగ్గర దారాన్ని నిలిపితే దూరపు వస్తువూ దారమూ ఒకేసారి తేటగా కనిపిస్తాయని గ్రహించాడు. ఆ తరువాత చాలాకాలం సర్వే పరికరాల్లో నిజంగా సాలెపురుగు దారాన్నే వాడారు. గాజు మీద చెక్కిన గీతలు తరువాత వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం నడిమికి ఈ ఏర్పాటు రైఫిళ్ల మీదికీ ఎక్కి, 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో వాడుకలోకి వచ్చింది.

రైఫిల్ దుర్బిణికీ, సర్వేయరు ఎత్తులు చూసే దుర్బిణి అయిన లెవెల్‌కూ పట్టే జబ్బు ఒకటే: చూపు వెళ్లే దారి, పరికరం వెళ్లవలసిన దారి ఒకటి కాకపోవడం. దుర్బిణిని రైఫిల్ గొట్టానికి పట్టి ఉంచే పట్టీలు వదులైనా, వంకరగా బిగిసినా తూటాలు గురికి పక్కన పడతాయి. అలాంటప్పుడు ముందు మరలు చూసుకుని, తరువాత ఒకే దూరంలోని గురికాగితం మీద కొన్ని తూటాలు కాల్చి, అవన్నీ ఒక చోట గుమిగూడాయో లేదో గమనించి, గుమిగూడితేనే గీతను జరుపుతారు. చెల్లాచెదురుగా పడితే గీతను జరిపి లాభం లేదు, లోపం బిగింపులోనో మరోచోటో ఉంటుంది. తూటా నేలకు ఒంగుతూ పోతుంది కనుక దాని దారి చూపు గీతతో ఎంచుకున్న దూరం దగ్గర కలిస్తే చాలు. సర్వేయరుకు ఆ వెసులుబాటు లేదు, అతని గీత ఏ దూరంలోనైనా సమతలంగానే ఉండాలి. ఇక సరస్సు దగ్గర వేటగాళ్ల సంగతంటారా, నీటిపక్షుల మీద కాల్చేది చిన్న గుళ్లు చల్లుకుపోయే తుపాకి, దానికి దుర్బిణితో పనిలేదు. కొల్లేటి సీమలో ఆ గీతకు పని కల్పించింది ఇంజనీర్లే.

అంతకుముందు తెలుగు నేల మీద పెద్ద దుర్బిణులు మోసుకొచ్చింది విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే. ఆయన భారీ థియొడొలైట్, అంటే కోణాలు కొలిచే దుర్బిణి, 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుని దెబ్బతినగా, లాంబ్టన్ దానిని విప్పి, వంకరపోయిన వలయాన్ని వారాల తరబడి కష్టపడి యథాస్థితికి తెచ్చాడు. ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్టు కృష్ణా, గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ జ్వరానపడి, 1820లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతానికి వెళ్లి కోలుకోవలసి వచ్చింది.

డెల్టాలో అసలు పని ఎత్తులది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847–52 మధ్య కట్టించగా, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. డెల్టా నది తాను తెచ్చిన ఒండ్రుతో తన రెండు ఒడ్లనే ఎత్తు చేసుకుంటుంది కాబట్టి నేల నదికి దూరం జరిగే కొద్దీ పల్లమవుతుంది. రెండు నదుల వాలూ కలిసే లోతట్టులో కొల్లేరు నిలిచింది. గోదావరి వైపు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే ఏలూరు కాలువ, కృష్ణ వైపు నుంచి వచ్చే ఏలూరు కాలువ ఏలూరులో కలిసి, చాలాకాలం పడవలకు దారి అయ్యాయి. కంటికి చదునుగా కనిపించే నేల మీద నీరు ఎటు పారుతుందో చెప్పగలిగేది లెవెల్ ఒక్కటే. అది ముక్కాలి పీట మీద నిలిపే దుర్బిణి, దానికి ఆనుకుని రసమట్టం, అంటే గాజు గొట్టంలో బుడగ.

బుడగ నడుమకు వచ్చినంత మాత్రాన దుర్బిణి గీత సమతలమైందని నమ్మడానికి లేదు. దాన్ని తేల్చే పరీక్ష తేలికైనదే. 60 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగ్గొట్టి, లెవెల్‌ను సరిగ్గా నడుమ నిలిపి, మేకుల మీద నిలబెట్టిన కొలబద్దలను చదువుతారు. ఒకటి 1.420, రెండోది 1.635 అని కనిపిస్తే తేడా 0.215 మీటర్లు; పరికరంలో లోపమున్నా రెండు వైపులా దూరం సమానం కనుక ఈ తేడా నిజమే. తరువాత లెవెల్‌ను మొదటి మేకు పక్కకు తెచ్చి చదివితే, దగ్గరిది 1.510 అయినప్పుడు దూరానిది 1.725 ఉండాలి. 1.740 కనిపించిందంటే 60 మీటర్లకు 15 మిల్లీమీటర్ల వంకర ఉన్నట్టు. అప్పుడు గీతల చట్రాన్ని పట్టి ఉంచిన మరల్లో ఒకదాన్ని వదులు చేసి, ఎదుటిదాన్ని అంతే బిగించి, 1.725 కనిపించేదాకా జరుపుతారు. ఇది చేయని లెవెల్‌తో, ప్రతి మజిలీలో వెనక చూపు 40, ముందు చూపు 60 మీటర్లుగా పది మజిలీలు నడిస్తే, కిలోమీటరుకు 50 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు అంగుళాలు, ఒకే దిక్కుకు పేరుకుపోతుంది. వెనక ముందు దూరాలు సమానంగా ఉంచాలన్న పాత నియమం చాదస్తం కాదు.

ఈ ఎత్తులన్నీ ఎక్కడి నుంచి లెక్కించాలన్నది మరో సమస్య. 1858లో మొదలై 1909 నాటికి ముగిసిన దేశవ్యాప్త లెవెలింగు, తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి తేల్చిన సగటు మట్టాన్ని సున్నాగా తీసుకుంది. ఆ తొమ్మిదింటిలో విశాఖపట్నం, మద్రాసు ఉన్నాయి. ఎత్తు నిర్ణయించి నాటిన గుర్తురాళ్ల నుంచే కొల్లేటి అడుగులు మొదలవుతాయి.

1999 అక్టోబరులో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించాక గీత చట్టమైంది. 2002లో చిత్తడినేలలకిచ్చే అంతర్జాతీయ రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2005–06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఈ వివాదంలో పర్యావరణం, జీవనోపాధి అన్న పెద్ద మాటలే ఎక్కువగా వినిపించాయి గాని, చెరువు గట్లు వేసీ తవ్వీ నేల రూపమే మారిన చోట పాత ఐదడుగుల గీతను తిరిగి ఎలా పట్టుకోవాలన్న చిన్న ప్రశ్నే నిజానికి కష్టమైనది.

ఉపగ్రహ పరికరాలు వచ్చాక ఈ చిక్కు తీరిందనుకోవడం తొందరపాటు. అవి చెప్పే ఎత్తు భూమికి ఊహించిన నున్నని అండాకారం నుంచి లెక్కించినది; సగటు సముద్రమట్టానికీ దానికీ దక్షిణ భారతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది, ఆ తేడా కూడా చోటుచోటుకూ మారుతుంది. అందుకే అంగుళాల తగవు తేల్చవలసిన చోట ఇప్పటికీ గుర్తురాయి నుంచి కొలబద్ద పట్టుకుని నడవాలి, బయలుదేరే ముందు లెవెల్‌ను రెండు మేకుల మధ్య నిలిపి చూసుకోవాలి.