మాట వెనుక కథ: ఫాసిజం

ప్రాచీన రోమ్‌లో అధికారుల ముందు భటులు గొడ్డలితో కలిపి కట్టిన బెత్తాల మోపు మోసేవారు. అధికారానికి అది గుర్తు. లాటిన్‌లో ‘ఫాస్కేస్’; ఇటాలియన్‌లో ‘ఫాషో’ అంటే మోపు, జట్టు. 1919లో ఇటలీలో ముస్సోలినీ తన దళాలకు ఆ పేరే పెట్టి, 1922 అక్టోబరులో గద్దెనెక్కాడు.

అయితే ప్రతి క్రూరపాలననూ ఫాసిజం అనలేం. అదే 1922 ఆగస్టులో నర్సీపట్నానికి ఎగువన మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసింది. ఆ తిరుగుబాటును అణచింది వలసపాలన. క్రూరమైనదే, కానీ ఫాసిజం కాదు.

నేటి మితవాదమంతా ఫాసిజమనడమూ తప్పే. అయితే నాయకుణ్ణే దేశమనడం, అసమ్మతిని ద్రోహమనడం, మైనారిటీలను శత్రువులుగా చూపడం, వీధిమూకల హింసను వెనకేసుకురావడం ఫాసిజం లక్షణాలే. అవి ఏ పార్టీలో, ఏ దేశంలో కనిపించినా ఆ పోలికను నిర్భయంగా ఎత్తిచూపాలి.