గుండె ఆపరేషన్ తర్వాత యాప్ చెప్పిన డైట్ ఫాలో అవుతున్నారా? మందుల చీటీ ఓసారి చూడండి!

హైదరాబాద్ పాతబస్తీలోనూ ఇప్పుడు ఇదే సీన్. స్టెంట్ వేసి డిశ్చార్జ్ చేస్తారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వయసు, బరువు కొడితే డైట్ చార్ట్ రెడీ! బాగానే ఉంది కానీ.. మీరు వేసుకునే మాత్రల పేర్లు ఆ యాప్ అడిగిందా? అసలు చిక్కు అక్కడే.

మెటల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. పాలకూర, మెంతికూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. ఆకుకూరలు మానేయక్కర్లేదు, మోతాదు మాత్రం రోజూ ఒకేలా ఉండాలి. యాప్ చెప్పిందని ఒక్కసారిగా గ్రీన్ స్మూతీలు మొదలుపెడితే వాల్వ్‌పై గడ్డ కట్టే ముప్పుంది.

హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో చాలామందికి డాక్టర్లు నీళ్లకూ లిమిట్ పెడతారు. నీళ్లు తాగమంటూ యాప్ మాత్రం గంటగంటకూ మోగుతూనే ఉంటుంది! స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లయితే పొటాషియం ఉండే లో-సోడియం ఉప్పు జోలికి సొంతంగా వెళ్లొద్దు.

ఇక చార్మినార్ దగ్గర పొద్దున్నే నహారీ, పాయా. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. హోటల్ షోర్వాలో ఎంత ఉప్పు పడిందో ఏ యాప్‌కు తెలుస్తుంది? ఇరానీ చాయ్‌లో ముంచుకునే ఉస్మానియా బిస్కెట్‌లోనూ ఉప్పుంది మరి.

చార్ట్, మందుల చీటీ రెండూ రివ్యూకి తీసుకెళ్లి డైటీషియన్‌కి చూపించండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా చార్ట్ మారుస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.