అద్దె లైను నుంచి ఈథర్‌నెట్ వరకు: పెన్న ఒడ్డు పట్టణంలో డేటా లైన్ల చరిత్ర

పెన్నకు ఉత్తరపు ఒడ్డున కోవూరు, దక్షిణపు ఒడ్డున నెల్లూరు ఉన్నాయి. చెన్నై-కోల్‌కతా రహదారి, రైలు మార్గం రెండూ ఇక్కడే నది దాటుతాయి. గత పాఠంలో తంతి, టెలిఫోన్ల గురించి చదివారు. ఈ పాఠంలో వ్యాపార సంస్థలకు ప్రత్యేకంగా ఇచ్చే డేటా లైన్లు ఎలా వచ్చాయో, కోవూరు వంటి చిన్న పట్టణానికి ఎందుకు ఆలస్యంగా అందాయో తెలుసుకుందాం. బియ్యం మిల్లులు, బ్యాంకు శాఖలు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ లైను ఆగితే పనులూ ఆగుతాయి.

ముందుగా ఒక లెక్క చూడండి. మనిషి గొంతును అంకెలుగా మార్చడానికి టెలిఫోన్ ఇంజనీర్లు సెకనుకు 8,000 సార్లు కొలత తీసుకున్నారు. ఒక్కో కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64,000 బిట్లు, 64 కిలోబిట్లు. ఇలాంటి 32 భాగాలను కలిపి కట్టిన కట్ట పేరు ఈ-1. దాని వేగం 2.048 మెగాబిట్లు. ఆ తర్వాతి పెద్ద మెట్టు 34 మెగాబిట్లు. కంప్యూటర్ల కోసం లైను అడిగినవారికి టెలికాం శాఖ ఇచ్చింది ఈ మెట్లలో ఒకటే. 5 మెగాబిట్లు కావాలంటే మూడు ఈ-1లు తీసుకోవాలి, లేదా అక్కర్లేని 34కు డబ్బు కట్టాలి. గొంతు కోసం కుట్టిన చొక్కాను కంప్యూటర్‌కు తొడిగారన్నమాట.

దీన్నే లీజ్డ్ లైను, అంటే అద్దె లైను అన్నారు. అద్దెను దూరాన్ని బట్టి లెక్కగట్టేవారు. పెన్న దాటి నెల్లూరు చేరే లైనుకు ఒక ధర, హైదరాబాదు చేరే లైనుకు అంతకు ఎన్నో రెట్ల ధర. ఊరు ప్రధాన కేంద్రానికి ఎంత దూరమైతే అంత శిక్ష. 1998లో కార్డ్ పథకం ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటరు కొనడం ఒక ఎత్తు, దాన్ని రాజధానిలోని మరో కంప్యూటరుతో రోజంతా కలిపి ఉంచడం ఇంకో ఎత్తు. బ్యాంకులు అన్ని శాఖల ఖాతాలనూ ఒకే కేంద్రానికి చేర్చాక ఈ రెండో ఎత్తే అసలు సమస్య అయింది.

ఈథర్‌నెట్ కథ వేరేచోట మొదలైంది. 1973 మే 22న అమెరికాలో, జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో, రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక నివేదిక రాశాడు. ఒకే కేబుల్‌కు ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ తగిలించే పద్ధతి అది. కేబుల్ ఖాళీగా ఉంటే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడి సమాచారాలు ఢీకొంటే, ఇద్దరూ ఆగి, కొంతసేపు చూసి, మళ్ళీ ప్రయత్నించాలి. 1983లో ఇది ఐ.ఇ.ఇ.ఇ. 802.3 ప్రమాణంగా స్థిరపడింది. అప్పటి వేగం 10 మెగాబిట్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా గమనించండి. ఢీకొన్న సంగతి పంపుతున్న కంప్యూటరుకు సకాలంలో తెలియాలి. అందువల్ల మొత్తం వల పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లకు మించకూడదు. ఆ పరిమితిలో కోవూరు నుంచి నెల్లూరు కూడా చేరలేం. తరువాత స్విచ్‌లు వచ్చాయి. ప్రతి కంప్యూటరుకూ రాకకు ఒక దారి, పోకకు ఒక దారి విడిగా దొరికాయి. ఢీకొనడమే లేకపోతే దూరం హద్దూ లేదు. ఆప్టికల్ ఫైబర్ తోడై అదే ఈథర్‌నెట్ పదుల కిలోమీటర్లు వెళ్ళగలిగింది. ఆఫీసు గోడల మధ్య పుట్టిన పద్ధతి టెలికాం సంస్థల సరుకుగా మారడానికి కారణం ఈ మార్పే. వేగం పెరగడం గురించి అందరూ చెబుతారు గానీ, చరిత్ర దృష్టిలో దీనికే ఎక్కువ ప్రాధాన్యం.

2001లో ఏర్పడిన మెట్రో ఈథర్‌నెట్ ఫోరం ఈ సేవలకు ఉమ్మడి పేర్లు పెట్టింది. రెండు చోట్లను మాత్రమే కలిపితే ఈ-లైన్. అనేక శాఖలను ఒకే గదిలో ఉన్నట్లు కలిపితే ఈ-ల్యాన్. వినియోగదారుడి వైపు పోర్టు ఒక్కటే. 5 మెగాబిట్లను 10 చేయాలంటే కొత్త తీగ లాగనక్కరలేదు, పోర్టు సామర్థ్యం ఉన్నంతవరకు సంస్థ తన యంత్రంలో అంకె మారిస్తే చాలు. మన దేశంలో 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడింది. 2005లో ట్రాయ్ అద్దె లైన్ల గరిష్ఠ ధరలను బాగా తగ్గించింది. అదే ఏడాది బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ కూడా మొదలైంది.

అయినా ఒక ఊరి పక్కనుంచి ఫైబర్ పోయినంత మాత్రాన ఆ ఊరికి లైను ఉన్నట్టు కాదు. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ పట్టాల వెంట ఫైబర్ వేసింది. కోవూరును ఆనుకున్న పడుగుపాడు స్టేషన్ కూడా చెన్నై-హౌరా మార్గంలోనిదే. పెద్ద నగరాలను కలిపే కేబుల్‌ను మధ్యలో దింపి మిల్లు దాకా తేవాలంటే అక్కడ యంత్రం, విద్యుత్తు, సిబ్బంది కావాలి. అది గిట్టుబాటు అవుతుందా అన్నదే సంస్థల ప్రశ్న. రాష్ట్ర ప్రభుత్వం 2015లో స్థాపించిన ఫైబర్‌నెట్ సంస్థ దీనికి చవకైన మార్గం వెతికింది: గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు. ఇళ్ళకు ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు.

ఆ చవక కనెక్షన్ ఉండగా వ్యాపారి ఈథర్‌నెట్ లైనుకు ఎన్నో రెట్లు ఎందుకు కట్టాలి? ఇళ్ళకిచ్చే ఫైబర్‌లో ఒక కేబుల్ సామర్థ్యాన్ని 32 లేదా 64 మంది పంచుకుంటారు. సాయంత్రం అందరూ సినిమా చూస్తే మీ వాటా తగ్గుతుంది. వ్యాపార లైనులో చెప్పిన వేగం మీకే, పంపడానికీ రావడానికీ సమానంగా ఉంటుంది. ఒప్పందంలో హామీ శాతం కూడా రాస్తారు. 99.5 శాతం అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. 30 రోజుల నెలలో అది 3 గంటల 36 నిమిషాల నిలుపుదలకు అనుమతి. 99.9 అయితే దాదాపు 43 నిమిషాలు. దుకాణానికి మొదటిది చాలు. డబ్బు చెల్లింపులన్నీ లైను మీదే నడిచే బ్యాంకు శాఖకు చాలదు.

2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. కేబుళ్ళు సాధారణంగా రోడ్ల వెంట, పట్టాల వెంట, వంతెనల మీదుగా పోతాయి. అందువల్ల ఇద్దరు వేర్వేరు సంస్థల దగ్గర రెండు లైన్లు తీసుకున్న కార్యాలయానికి రెండు బిల్లులు వస్తాయి గానీ, రెండూ ఒకే వంతెన దాటుతుంటే దారి మాత్రం ఒకటే. ఒకటి దక్షిణాన నెల్లూరు వైపు, మరొకటి ఉత్తరాన కావలి వైపు పోతున్నాయా అని సంతకం పెట్టే ముందే అడగాలి.